ఆరేళ్లకు ఓడ ఎక్కింది.. తిరిగొస్తే ఉద్యోగం లేదు!

టోక్యోలో ఉదయం తొమ్మిదైతే వాషింగ్టన్‌లో ముందురోజు రాత్రి ఏడో ఎనిమిదో అవుతుంది. ఈ తేడాను ఎలాగోలా సర్దుకుని ఇప్పుడు జపాన్, అమెరికా స్కూలు పిల్లలు తెరల మీద కలుసుకుంటున్నారు. ‘ఆర్ట్ మైల్’ అనే ప్రాజెక్టు ఉంది. అందులో జపాన్ తరగతి ఒకటి, విదేశీ తరగతి ఒకటి నెలల తరబడి ఆన్‌లైన్‌లో మాట్లాడుకుని, ఒకే పెద్ద గుడ్డ మీద సగం బొమ్మ వీళ్లు, సగం బొమ్మ వాళ్లు వేస్తారు. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ ‘ఈ-జపాన్’ పేరుతో అక్కడి హైస్కూలు విద్యార్థులకు అమెరికా గురించి ఇంగ్లిష్‌లోనే ఆన్‌లైన్ పాఠాలు చెబుతోంది. ఇంట్లోంచి కదలక్కర్లేదు, వీసా అక్కర్లేదు. నెట్ సరిగా ఉంటే చాలు.

ఇదే రెండు దేశాల మధ్య, ఇదే పని మీద ఒక చిన్నపిల్ల వెళ్లిన రోజుకు ఒకసారి వెళ్లొద్దాం రండి. 1871 డిసెంబరు 23. యొకోహామా రేవు. ‘అమెరికా’ అనే పేరున్న ఆవిరి ఓడ బయల్దేరుతోంది. ఎక్కిన వాళ్లలో మంత్రులున్నారు, అధికారులున్నారు, పై చదువులకు వెళ్తున్న కుర్రాళ్లున్నారు. వాళ్లందరి మధ్యా కిమోనోలు కట్టుకున్న ఐదుగురు ఆడపిల్లలు. అందరికంటే చిన్నదాని పేరు ఉమె. జపనీస్‌లో ఉమె అంటే ప్లమ్ చెట్టు. వయసు ఆరేళ్లు. ఏడో పుట్టినరోజు ఓడలోనే, సముద్రం మధ్యలో వచ్చింది. తిరిగి అమ్మానాన్నల్ని చూసేది ఎప్పుడంటే పదేళ్ల తర్వాత అని ప్రభుత్వం ముందే చెప్పేసింది.

ఆ పిల్లే తర్వాత త్సుదా ఉమెకో అయింది. 2024 జులై నుంచి జపాన్ 5000 యెన్ల కొత్త నోటు మీద కనిపిస్తున్నది ఆమె ముఖమే. కానీ నోటు మీదికి రాకముందు, ఆ పేరుతో కాలేజీ రాకముందు, అంత చదువు చదివి కూడా తనతో ఏం చేయించుకోవాలో ఎవరికీ తెలియని రోజులు కొన్ని ఉన్నాయి. మీరు ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉంటే ఆ రోజులే మీకు ఎక్కువ దగ్గరగా అనిపిస్తాయి.

ఓడిన వర్గం పిల్లలు

అసలు ఆరేళ్ల పిల్లను ఏ తల్లిదండ్రులు పంపుతారు? ఈ ప్రశ్న అప్పట్లో కూడా చాలామంది అడిగారు. ఓడరేవులో చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ పిల్లల కన్నవాళ్లను రాక్షసులని తిట్టుకున్నారని చెబుతారు.

దీని వెనక ఒక అధికారి ఆలోచన ఉంది. హొక్కాయిడో దీవి అభివృద్ధి శాఖను నడిపిస్తున్న కురొదా కియొటాకా అమెరికా వెళ్లొచ్చారు. అక్కడి ఆడవాళ్ల చదువు, ఇంట్లో వాళ్లకున్న మాట చూసి ఆశ్చర్యపోయారు. దేశం మారాలంటే తల్లులు చదువుకోవాలి, అందుకు కొందరు అమ్మాయిల్ని చిన్నప్పుడే పంపించి అక్కడ పెంచాలి అన్నారు. ప్రయాణం, చదువు, తిండి ఖర్చులన్నీ ప్రభుత్వానివే. ఇంత మంచి స్కాలర్‌షిప్ ప్రకటిస్తే మొదటిసారి ఒక్క దరఖాస్తు కూడా రాలేదు! రెండోసారి పిలిస్తే ఐదుగురు వచ్చారు. ఆ ఐదుగురివీ 1868లో షోగన్ పాలన కూలినప్పుడు ఓడిపోయిన వైపు కుటుంబాలే. గెలిచినవాళ్లకు పదవులు దొరికాయి, పిల్లల్ని సముద్రం దాటించాల్సిన అవసరం లేకపోయింది. ఓడినవాళ్లకు మిగిలిన దారి చదువే.

ఉమె నాన్న త్సుదా సెన్ 1867లో షోగన్ ప్రభుత్వం తరఫున దుబాసీగా అమెరికా చూసొచ్చారు. ప్రభుత్వం మారాక ఆ కొలువు పోయింది, కూరగాయల సాగు మీద పడ్డారు. మొదట పెద్ద కూతురు కోతోను పంపాలనుకున్నారు. ఆ పిల్ల ససేమిరా అంది. దాంతో వంతు రెండో కూతురికి వచ్చింది. ఉమె సరేనంది. ఆరేళ్ల పిల్ల సరేనంటే దానికి అర్థమేంటో మీరే చెప్పండి!

ఇంకో అమ్మాయి కథ కూడా చెప్పాలి. యమకావా కుటుంబంలోని 11 ఏళ్ల పిల్లకు బయల్దేరేముందు వాళ్లమ్మ పేరు మార్చేసింది. కొత్త పేరు సుతెమాత్సు. పారేయడం, ఎదురుచూడటం అనే రెండు అర్థాలూ ఆ మాటలో వినిపిస్తాయి. నిన్ను వదులుకున్నాను, అయినా నీ కోసం చూస్తూనే ఉంటాను అన్నమాట. ఈ సుతెమాత్సు, నగాయ్ షిగెకో, ఉమె.. ఈ ముగ్గురూ బతికినంతకాలం ప్రాణ స్నేహితులుగా ఉన్నారు. మిగతా ఇద్దరు పెద్దమ్మాయిలకు ఆరోగ్యం సహకరించక ఏడాది తిరక్కుండానే ఇంటికెళ్లిపోయారు.

ఓడ 1872 జనవరి 15న శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. అక్కడి నుంచి రైలు. దారిలో మంచు కప్పేసి సాల్ట్‌లేక్ సిటీలో రెండు వారాలకు పైగా ఆగిపోయారు. వాషింగ్టన్‌లో దిగేసరికి ఫిబ్రవరి నెలాఖరు. ఇల్లు వదిలి అప్పటికి రెండు నెలలు దాటింది.

అమ్మతో మాట్లాడటానికి దుబాసీ

వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ అనే చోట చార్లెస్ లాన్‌మన్, అడలైన్ లాన్‌మన్ దంపతులు ఉండేవాళ్లు. ఆయన రచయిత, చిత్రకారుడు, జపాన్ దౌత్య కార్యాలయంలో కార్యదర్శి. పిల్లలు లేరు. తాత్కాలికంగా ఉంచుకుందామని తీసుకెళ్లిన ఉమె వాళ్ల కూతురే అయిపోయింది. స్కూల్లో లాటిన్, ఫ్రెంచ్, లెక్కలు నేర్చుకుంది. పియానో వాయించేది. ఎనిమిదేళ్లకే తనంతట తాను అడిగి క్రైస్తవం తీసుకుంది. పుస్తకాలంటే పిచ్చి. పదకొండేళ్లు ఇలా గడిచిపోయాయి. పదేళ్ల గడువు అయిపోతే, హైస్కూలు పూర్తయ్యేదాకా ఉండనివ్వమని అడిగి ఒక ఏడాది పొడిగించుకుంది. సుతెమాత్సు ఈలోగా న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసింది. డిగ్రీ పట్టా అందుకున్న తొలి జపాన్ మహిళ ఆమే.

1882 నవంబరులో ఇద్దరూ కలిసి యొకోహామాలో దిగారు. ఉమెకు అప్పటికి 17 ఏళ్లు. ఇంటివాళ్లంతా రేవుకొచ్చారు. వాళ్లు ఏం మాట్లాడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు.

జపనీస్ పూర్తిగా మర్చిపోయింది. నాన్నకు ఇంగ్లిష్ వచ్చు కాబట్టి కొంత నయం. అమ్మతో రెండు ముక్కలు మాట్లాడాలంటే మధ్యలో మరొకరు ఉండాలి. నేల మీద మోకాళ్లు మడిచి కూర్చోవడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మనలో చాలామందికి ఇంటర్వ్యూలో నోరు పెగలనిది ఇంగ్లిష్ దగ్గర. ఆమెకు సొంత ఇంట్లో, సొంత భాష దగ్గర నోరు పెగల్లేదు. ఏది ఎక్కువ కష్టమంటే నేను చెప్పలేను గానీ, రెండోది ఎవరితోనూ చెప్పుకోలేని కష్టమనిపిస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. వాళ్లను పంపిన హొక్కాయిడో శాఖను అదే ఏడాది మూసేశారు. పంపినవాళ్లే లేనప్పుడు రిపోర్టు ఎవరికివ్వాలి? అమెరికాలో చదివొచ్చిన మగపిల్లలకు శాఖల్లో, కాలేజీల్లో పోస్టులు దొరికాయి. అమ్మాయిల కోసం ఎవరూ ఏ ఏర్పాటూ చేయలేదు. ప్రభుత్వ సొమ్ముతో పదకొండేళ్లు చదివాం, ఆ రుణం ఎలా తీర్చాలని ఉమె ఉత్తరాల్లో పదేపదే బాధపడింది. సుతెమాత్సుకు ఒక టీచింగ్ అవకాశం వచ్చింది. కానీ జపనీస్‌లో చదవడం, రాయడం రావాలి కదా! వదులుకోక తప్పలేదు. మరుసటి ఏడాది ఆమె యుద్ధ మంత్రి ఒయామా ఇవావోను పెళ్లి చేసుకుంది. షిగెకో అప్పటికే ఒక నౌకాదళ అధికారిని చేసుకుంది. ముగ్గురూ కలిసి స్కూలు పెడదామని అమెరికాలో ఉన్నప్పుడు చెప్పుకున్న కబుర్లు అక్కడే ఆగిపోయాయి. ఉమెకు కూడా సంబంధాలు వచ్చాయి. ఆ మాట ఇక ఎత్తొద్దని లాన్‌మన్ అమ్మకు తెగేసి రాసింది.

ఓ మిషనరీ స్కూల్లో కొన్నాళ్లు పాఠాలు చెప్పింది. తర్వాత ఖాళీ. అలా ఏడాది గడిచాక, 1883లో విదేశాంగ మంత్రి ఇచ్చిన విందులో ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి తనను గుర్తుపట్టావా అని అడిగారు. ఇతో హిరోబుమి. చిన్నప్పుడు అదే ఓడలో ప్రయాణించిన దౌత్యబృందంలో ఒకరు. రెండేళ్లకు జపాన్ తొలి ప్రధాని అయ్యారు. ఆయన తన ఇంట్లోనే ఉంచి భార్యకు, కూతురికి ఇంగ్లిష్ చెప్పించుకున్నారు. షిమొదా ఉతాకో అనే విదుషి నడిపే బడిలోనూ ఉమె పాఠాలు చెప్పింది. అక్కడ ఒప్పందం భలేగా ఉంటుంది. ఈమె ఇంగ్లిష్ నేర్పాలి, ఆమె జపనీస్ నేర్పాలి.

1885లో రాజవంశ, కులీన కుటుంబాల ఆడపిల్లల కోసం పెట్టిన ‘పీరెసెస్ స్కూల్’లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం వచ్చింది. మంచి జీతం, సర్కారీ హోదా. మన లెక్కలో సెటిల్ అయిపోయినట్టే.

కప్ప గుడ్డు దగ్గర రెండు దారులు

ఉద్యోగం దొరికాక ఉమెకు ఇంకో అసంతృప్తి మొదలైంది. ఆమె విద్యార్థినులకు చదువు ఒక నగలాంటిది. పెళ్లయ్యేదాకా వేసుకుని తిరగడానికి. వాళ్లలో ఎవరికీ దాంతో సంపాదించుకోవాల్సిన అగత్యం లేదు. బయట చూస్తే మామూలు ఇళ్ల ఆడవాళ్లు భర్త వదిలేస్తే, పోతే బతకడానికి దారే లేనివాళ్లు. తను నేర్పాల్సింది వాళ్లకు కదా అనిపించింది. కానీ తన చేతిలో ఉన్నది హైస్కూలు చదువు మాత్రమే.

1888లో సుతెమాత్సు అమెరికా స్నేహితురాలు ఆలిస్ బేకన్ టీచర్‌గా టోక్యో వచ్చారు. మళ్లీ వెళ్లి డిగ్రీ చదవమని ఉమెను తోశారు. ఫిలడెల్ఫియాలోని మేరీ మోరిస్ అనే దాత చొరవతో బ్రిన్ మార్ కాలేజీ ఫీజు మాఫీ చేసింది. పీరెసెస్ స్కూల్ జీతంతో రెండేళ్ల సెలవిచ్చింది. 1889లో, 24 ఏళ్ల వయసులో ఉమె మళ్లీ ఫస్టియర్ స్టూడెంట్. మధ్యలో గ్యాప్ వచ్చిందని దిగులుపడేవాళ్లు ఈ వయసు గుర్తుపెట్టుకోవచ్చు.

సెలవు ఇచ్చింది బోధన పద్ధతులు నేర్చుకు రమ్మని. ఆమె చేరింది జీవశాస్త్రంలో! ఓస్వెగోలోని టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ఆర్నెల్లు చదివి ఆ మాటా నిలబెట్టుకున్నారనుకోండి. కానీ మనసంతా ప్రయోగశాలలోనే. థామస్ హంట్ మోర్గన్ అనే యువ ప్రొఫెసర్‌తో కలిసి కప్ప గుడ్డు మీద పరిశోధన చేశారు. ఇద్దరి పేర్లతో ఆ పత్రం 1894లో ఒక బ్రిటిష్ సైన్స్ జర్నల్‌లో వచ్చింది. విదేశీ సైన్స్ పత్రికలో పేరు చూసుకున్న తొలి జపాన్ మహిళల్లో ఆమె ఒకరు. ఆ మోర్గన్‌కే 1933లో నోబెల్ బహుమతి వచ్చింది.

అక్కడే ఉండిపోయి పరిశోధన చేసే దారి తెరిచే ఉంది. సెలవు ఇంకో ఏడాది పొడిగించుకున్నారు కూడా. చివరికి 1892లో తిరిగొచ్చేశారు. ఈ నిర్ణయం సరైనదేనా అని ఇప్పటికీ చర్చించేవాళ్లున్నారు. ఒక మంచి శాస్త్రవేత్తను పోగొట్టుకున్నాం అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఆమె మాత్రం తను రుణపడ్డది ఎవరికో మర్చిపోలేదు.

ఆమె చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది తిరిగొచ్చే ముందు చేసింది. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మహిళా సంఘాల్లో తిరిగి మాట్లాడి, జపాన్ అమ్మాయిల కోసం ఒక స్కాలర్‌షిప్ నిధి మొదలుపెట్టారు. లక్ష్యం 8000 డాలర్లు. అసలు ముట్టుకోరు. వడ్డీతో ఒక్కో విద్యార్థిని అమెరికాలో చదివి తిరిగి రావాలి, వచ్చి దేశంలో ఇతరులకు చదువు చెప్పాలి. చూడండి, తనను పంపినప్పుడు ఏవేవి లోపించాయో అవన్నీ ఇందులో సరిచేశారు. వెళ్లేది ఆరేళ్ల పిల్ల కాదు, సొంత భాషలో చదువు పూర్తయిన యువతి. తిరిగొచ్చాక ఏం చేయాలో ముందే తెలుసు. ఈ నిధి దశాబ్దాల పాటు నడిచి 25 మందిని పంపింది. కేసెన్ బాలికల పాఠశాల స్థాపించిన కవాయ్ మిచి, ఉమెకో తర్వాత ఆమె కాలేజీని నడిపిన హోషినో ఐ ఈ స్కాలర్‌షిప్‌తో వెళ్లినవాళ్లే.

పది మంది, ఒక అద్దె ఇల్లు

1898లో డెన్వర్‌లో జరిగిన మహిళా సంఘాల మహాసభకు జపాన్ ప్రతినిధిగా వెళ్లారు. ఆ పర్యటనలో హెలెన్ కెల్లర్‌ను కలిశారు. అక్కడి నుంచి ఇంగ్లండ్ వెళ్లి, మంచం పట్టి ఉన్న ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను చూశారు. ఆమె ఇచ్చిన పూలను ఎండబెట్టి దాచుకున్నారు.

1900లో, 35 ఏళ్ల వయసులో ఉద్యోగానికి రాజీనామా. సర్కారీ హోదా ఉన్న కొలువును వదిలేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఏమన్నారో మన ఇళ్లలో వినే మాటల్ని బట్టి ఊహించుకోవచ్చు. సెప్టెంబరు 14న టోక్యోలో ఒక అద్దె ఇంట్లో ‘జోషి ఎయిగాకు జుకు’ ప్రారంభించారు. ఆడపిల్లల ఇంగ్లిష్ విద్యాలయం అని అర్థం. విద్యార్థినులు పది మంది. ఆలిస్ బేకన్ మళ్లీ అమెరికా నుంచి వచ్చేశారు. మొదట్లో ఉమెతో పాటు ఆమె కూడా జీతం తీసుకోలేదు. సుతెమాత్సు తన భర్త హోదాను, పరిచయాలను అన్నిటినీ స్కూలు కోసం వాడారు. అమెరికాలో చెప్పుకున్న పాత కబుర్లు పద్దెనిమిదేళ్లకు ఇలా బయటికొచ్చాయి.

ప్రారంభం రోజున ఆమె చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఏంటంటే, భవనాలు, పరికరాలు కాదు, టీచరు సామర్థ్యం, విద్యార్థి పట్టుదలే చదువును నిలబెడతాయని. ఒక్కో బుర్ర ఒక్కోలా ఉంటుంది కాబట్టి తరగతి చిన్నదిగా ఉండాలన్నారు. ఇంగ్లిష్ ఒక్కటే పట్టుకుని మిగతా ప్రపంచాన్ని వదిలేయొద్దని కూడా హెచ్చరించారు.

కోర్సు వెనక గట్టి లెక్క ఉంది. అప్పట్లో సెకండరీ స్కూళ్లలో ఇంగ్లిష్ టీచర్ కావాలంటే విద్యాశాఖ పరీక్ష పాసవ్వాలి. అది పాసైతే ఆడపిల్ల కూడా తన కాళ్ల మీద నిలబడొచ్చు. ఉమె తన విద్యార్థినుల్ని దానికే తయారుచేశారు. మెత్తని టీచరేం కాదు. ఒక పదం సరిగా పలికేదాకా పదిసార్లయినా చెప్పించేవారు. నిఘంటువు చూడకుండా వస్తే ఊరుకునేవారు కాదు. 1905లో ప్రభుత్వం ఈ స్కూల్లో పాసైనవాళ్లకు పరీక్ష లేకుండానే టీచర్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒప్పుకుంది. చాలా ఏళ్ల వరకు మహిళల విద్యాసంస్థల్లో ఈ గుర్తింపు మరొకదానికి రాలేదు.

ఆమెను దేవతను చేయనక్కర్లేదు. ఓటు హక్కు, ప్రేమ, పెళ్లి గురించి గొంతెత్తిన కొత్తతరం రచయిత్రుల్ని ఆమె తన విద్యార్థినుల దగ్గరికి రానివ్వలేదు. స్కూలుకు చెడ్డపేరు వస్తే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పిస్తారన్న భయం కొంత, స్వతహాగా ఉన్న ఛాందసం కొంత. ఆ అమ్మాయిలకు సంపాదన నేర్పింది, తిరుగుబాటు నేర్పలేదు.

1917 నుంచి మధుమేహం ఆమెను ఆస్పత్రుల పాలు చేసింది. 1919లో బాధ్యతలు వదిలేశారు. ఆమె స్థానంలో ఎవరిని పెట్టాలా అని తిరుగుతూ సుతెమాత్సు అదే ఏడాది స్పానిష్ ఫ్లూతో చనిపోయారు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన భూకంపంలో, మంటల్లో స్కూలు భవనాలు కాలిపోయాయి. ఫిలడెల్ఫియా నుంచి 1902లో వచ్చి అక్కడే ఉండిపోయిన ఆనా హార్ట్‌షోర్న్ అనే టీచరు అప్పటికి అరవై దాటిన మనిషి. వెంటనే అమెరికా ఓడ ఎక్కి, ఊరూరా తిరిగి 5 లక్షల డాలర్లు పోగుచేశారు. ఆ డబ్బుతో టోక్యో శివార్లలోని కొదైరాలో కొత్త క్యాంపస్ లేచింది.

దాన్ని చూడకుండానే 1929 ఆగస్టు 16న కామకురాలో ఉమెకో కన్నుమూశారు. వయసు 64. సమాధి ఆ క్యాంపస్‌లోనే ఉంది. ఆ అద్దె ఇంటి బడే ఇప్పటి త్సుదా యూనివర్సిటీ.

1984లో అక్కడి ఒక భవనం అటక మీద ఉత్తరాల కట్టలు దొరికాయి. జపాన్‌లో దిగిన రోజుల నుంచి సుమారు ముప్పై ఏళ్ల పాటు జార్జ్‌టౌన్‌లోని అడలైన్ లాన్‌మన్‌కు ఆమె రాసినవి, వందల కొద్దీ. ఉద్యోగం లేని ఏడాది బెంగ, అమ్మతో మాట్లాడలేని ఇబ్బంది, పెళ్లి సంబంధాల గొడవ, కొత్త స్కూలు అద్దె చింత అన్నీ ఉన్నాయి వాటిలో. అన్నీ ఇంగ్లిష్‌లోనే.